బడి భాష, కచేరి భాష: రెండువందల యేండ్ల లెక్క

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన శుభసమయమున వెలువడు ఈ సంచికకు చరిత్ర విషయమై ఒక వ్యాసము వ్రాయవలసినదిగా కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను పండితుడను కాను. తాతతండ్రులు కరణికము చేసిన యింట పుట్టి, ఊరి లెక్కలు వ్రాయుట వృత్తిగా, భారత భాగవతములు చదువుకొనుట వ్యసనముగా కాలము గడపుచున్నవాడను. కావున చరిత్రను సైతము లెక్కలవాని కంటితోనే చూచి, జమ యెంత, ఖర్చెంత, మిగులు ఎవరి యింటికి చేరినది అను రీతిని ఈ నాలుగు మాటలు మనవి చేయుచున్నాను.

ఏటేట జూన్ మాసము రాగానే మన గ్రంథాలయపు అరుగుమీద ఒక తగవు తప్పక వచ్చును. పిల్లవానిని తెలుగు బడిలో వేయుట మేలా, ఇంగ్లీషు బడిలో వేయుట మేలా యని. ఒకరు మాతృభాష తల్లిపాల వంటిదందురు. వేరొకరు తల్లిపాలు సరియే, రేపు కూటికెవరు పెట్టుదురని అడుగుదురు. ఇద్దరును ఈ చిక్కు నిన్న మొన్న పుట్టినదనియే తలంతురు. చరిత్ర చూడగా ఇది రెండువందల యేండ్ల పాతబాకీ. ఆ బాకీ పద్దులను తిరగవేయగా నాకు తోచినదొక్కటే: బడి భాష ఎన్నడును కచేరి భాషను అనుసరించియే నడచినది. ఏ భాషలో కొలువు, పట్టా, ఋణము, తీర్పు దొరకునో ఆ భాష వైపునకే తల్లిదండ్రులు పోవుదురు. కచేరి భాషను కదల్పక బడి భాషను గూర్చి మాత్రమే పోరాడుట వేరు విడచి కొమ్మకు నీరు పోయుట వంటిది.

మన సీమలో నాటి బడులు

మన అనంతపురము జిల్లా 1882లో బళ్లారి జిల్లానుండి విడివడినది. అంతకు పూర్వము మన యూళ్ల లెక్కలన్నియు బళ్లారి కలెక్టరు దస్తరములోనివే. 1800లో నిజాము ఈ సీమను కుంపిణీవారికి దత్తము చేసెను. అప్పటినుండి ఏడేండ్లు ఇచ్చట ప్రధాన కలెక్టరుగా నుండి రైతువారీ పద్ధతిని నెలకొల్పిన తామస్ మన్రో, పిమ్మట మదరాసు గవర్నరై 1822 జూన్ 25వ తేదీన ఒక ఆజ్ఞ వెలువరించెను. ప్రతి జిల్లాలోను బడులెన్ని, చదువు పిల్లలెందరు, వారే కులములవారు అను విషయములను కలెక్టరులు లెక్కతీసి పంపవలయునని దాని సారాంశము.

ఆ లెక్కలన్నియు చేరిన పిమ్మట 1826 మార్చిలో మన్రో వానిని సమీక్షించెను. మదరాసు రాజధాని మొత్తము మీద 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు, 1,28,50,941 మంది జనము. భాగించి చూచినచో 68 మందికొక విద్యార్థి. ఇండ్లలో చదువుకొను పిల్లలు ఈ సంఖ్యలో చేరలేదు. ఐరోపాలోని పెక్కు దేశములలో కొంతకాలము వెనుకనున్న స్థితికంటె ఇది మేలేయని ఆయన అభిప్రాయపడెను.

మన బళ్లారి జిల్లా లెక్క మాత్రమంత మేలుగా లేదు. అచటి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టు 17వ తేదీన పంపిన నివేదిక ప్రకారము జనసంఖ్య 9,27,857, బడులు 533, విద్యార్థులు 6,641. అనగా బడికి పండ్రెండుగురు. 140 మందికొక విద్యార్థి. ఆ 6,641 మందిలో ఆడపిల్లలు 60 మంది మాత్రమే. బడులలో కన్నడపు బడులు 235, తెలుగు బడులు 226, మరాఠీవి 23, పారసీవి 21, తమిళపు బడులు 4, ఇంగ్లీషు బడి ఒకటి. తక్కిన 23 బడులలో బ్రాహ్మణ బాలురకు సంస్కృతమున శాస్త్రములు చెప్పుచుండిరి. ఒక్క జిల్లాలో ఏడు భాషలు చెప్పు బడులుండెనని చదువరులు గమనింతురు గాక.

క్యాంబెల్ తెలుగు తెలిసినవాడు. 1816లోనే తెలుగునకు ఇంగ్లీషున ఒక వ్యాకరణము వ్రాసినవాడు. కావున ఆయన చూపు పైపైని పోలేదు. బిడ్డ అయిదవయేట బడిలో చేరుట, ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుట, ఆకుమీద గంటముతోను కాగితముమీద కలముతోను వ్రాయుట, నల్లని మసి పూసిన కడితముమీద బలపముతో వ్రాసి చెరపుట, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పుట, ఇవన్నియు ఆయన వివరముగా వ్రాసెను. ఈ చివరి పద్ధతి తక్కువ ఖర్చుతో ఎక్కువ పని జరుపునదియనియు, ఇంగ్లండులో సైతము దీనిని అనుకరించుచున్నారనియు మెచ్చుకొనెను.

ఆయన ఎత్తిచూపిన లోపములు రెండు. మొదటిది, పిల్లలు పద్యములు వందలకొలది వల్లించుచున్నను వాని యర్థము వారికి తెలియకపోవుట. పద్యభాష వేరు, ఇంటిభాష వేరు. చిలుకకు నేర్పిన పలుకువలె పద్యము నాలుకమీద నిలుచునే గాని తలకెక్కదని ఆయన ఆక్షేపించెను. రెండవది, పేదరికము. ఇంగ్లండునుండి వచ్చు మరబట్టల వలన ఇచ్చటి నేతపని దెబ్బతినెననియు, పూర్వపు రాచకొలువులు పోవుటచే ఆ ధనము ఊళ్లలో తిరుగుట మానెననియు, జరుగుబాటు లేక తల్లిదండ్రులు పసిబిడ్డలను పనిలో పెట్టుచున్నారనియు, పూర్వము బడులున్న పెక్కు ఊళ్లలో ఇపుడు బడి లేదనియు వ్రాసెను. ఒక కుంపిణీ ఉద్యోగి తన పైవారికి ఈ సంగతి వ్రాసెననుట మరువరానిది.

అర్థము తెలియని ఈ చదువునకు తల్లిదండ్రులు గింజలు కొలిచి యిచ్చుటకు కారణమేమి? ఆ బడిలో పద్యముతోబాటు వేరొకటి దొరకుచుండెను. ఎక్కములు, వడ్డీ లెక్కలు, ఉత్తరములు, పత్రములు వ్రాయు విధము, గొలుసుకట్టు వ్రాత చదువుట. ఇవి బ్రతుకుతెరువునకు పనికివచ్చునవి. రైతు బిడ్డ పద్యమును మరచినను అప్పుపత్రము చదువుటను మరువలేదు. తల్లిదండ్రులు బ్రతుకు భాషకే వెల యిచ్చిరి. నాడును అంతే, నేడును అంతే.

ఒకే చేను, మూడు భాషలు

నాటి కచేరి భాష యెట్లుండెనో చూతము. ఊరిలో కరణము లెక్కను తెలుగుననో కన్నడముననో వ్రాసికొనుచుండెను. అది హుజూరు కచేరికి పోయినచో అచట మరాఠీ గుమాస్తాలు మరాఠీలోనికి దింపుచుండిరి. అందుండి దొరవారికి ఇంగ్లీషున నివేదిక పోవుచుండెను. జిల్లాలో మరాఠీ బడులు 23 ఉండుటకు కారణము ఇంకేమి? రైతు దున్నునది ఒకే చేను. కాగితములలో అది మూడు భాషలలో మూడు చేలైనది. ఒక్కొక్క భాష మారునపుడు ఒక్కొక్క చేయి అడ్డము వచ్చెను. ఆ చేతికి రైతు ఎంతో కొంత ముట్టజెప్పక తప్పలేదు. ఏ పద్దులోను కానరాని ఈ పన్నుకు నేను భాషాశిస్తు అని పేరు పెట్టుచున్నాను. వానలు లేని యేట భూమిశిస్తునకు వజా దొరకవచ్చును. భాషాశిస్తునకు వజా లేదు.

ఇచట ఒక భేదమును గుర్తింపవలయును. పట్టా, జమాబందీ, రశీదు, కిస్తు, వాయిదా, జప్తు, ఫిర్యాదు ఇవేవియు పుట్టుకచే తెలుగు మాటలు కావు. కోర్టు, సమను, డిక్రీ, స్టాంపు అనునవి ఇంగ్లీషు మాటలు. ఐనను మన పొలములోని ముసలమ్మకు సైతము ఇవి తెలియును. పల్లెవాడు పరాయి మాటను వెరువడు. నాలుగుదినములలో దానిని తన నాలుకకు లొంగదీసికొనును. వానికి లొంగనిది పరాయి వాక్యము. "పట్టా జప్తు చేయబడును" అన్నచో మాటలు పరాయివైనను వాక్యము తెలుగు. వాడు ఉలిక్కిపడి లేచి తన హక్కు తాను చూచుకొనును. అదే సంగతి ఇంగ్లీషు వాక్యమున వచ్చినచో దానిని మడచి చూరులో దోపును. కావున మాటల శుద్ధికై పోరాడుట కంటె వాక్యము మనదగునట్లు చూచుట ముఖ్యమని నా మనవి.

కొలువు మారెను, బడి మారెను

1826లో మన్రో ఒక యేర్పాటు తలపెట్టెను. జిల్లాకు రెండు పెద్దబడులు, తహశీలుకొక బడి. పెద్దబడి ఉపాధ్యాయునకు నెలకు 15 రూపాయలు, తహశీలు బడి ఉపాధ్యాయునకు 9 రూపాయలు. చదువు దేశభాషలలో సాగవలయునని ఆయన యుద్దేశము. మరుసటియేడు జూలై 6వ తేదీన ఆయన పత్తికొండలో కలరా తగిలి మరణించెను. గుత్తిలో ఖననము జరిగినది. ఆయనతో ఆ యేర్పాటునకు బలము తగ్గెను. 1835 ఫిబ్రవరిలో మెకాలే తన పత్రమును వ్రాయుట, మార్చిలో గవర్నరు జనరలు బెంటింకు ఇంగ్లీషు చదువునకే ప్రభుత్వ ధనమును వినియోగింప నిశ్చయించుట జరిగెను. 1836లో మదరాసునందలి తహశీలు బడులు మూతపడెను.

మెకాలే పేరు అందరెరిగినదే. కాని లెక్కలవాని కంటికి అంతకంటె పెద్ద పద్దు 1844 అక్టోబరు నాటిది. ఇంగ్లీషు చదివినవారికే సర్కారు కొలువులలో మొదటి తాంబూలమని గవర్నరు జనరలు హార్డింజి ఆనాడు తీర్మానించెను. మెకాలే పత్రము బడి తలుపు తెరచినది. హార్డింజి తీర్మానము పిల్లలను ఆ తలుపులోనికి నడపినది. 1854లో విలాయతునుండి వచ్చిన వుడ్ ఆజ్ఞాపత్రము సామాన్యజనులకు దేశభాషలలోనే చదువు చెప్పవలయునని స్పష్టముగా వ్రాసినది. కాని కొలువు ఇంగ్లీషులోనే యుండుటచే పై తరగతులన్నియు ఇంగ్లీషువైనవి; దేశభాషాబడి, పైకి పోలేనివారి బడియైనది. తెలుగు బడికి చిన్నతనము వచ్చినది ఆనాడే.

భాషలోని భాష

పరభాష యొకటే చిక్కని తలంపరాదు. మన తెలుగులోనే గ్రంథభాష వేరు, వాడుకభాష వేరుగా నుండుటచే బిడ్డ ఒకే బడిలో రెండు తెలుగులు నేర్వవలసి వచ్చెను. క్యాంబెల్ చూచిన లోపమే తొంబదియేండ్ల పిమ్మట పెద్దవివాదమైనది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు వేంకట రామమూర్తిగారు (1863-1940), విజయనగరమున గురజాడ అప్పారావుగారు (1862-1915), పాఠశాలల తనిఖీ అధికారి యేట్స్ దొర, శిష్టుల వాడుకభాషలో బిడ్డలకు వచనము నేర్పవలయునని వాదించిరి. జయంతి రామయ్య పంతులుగారు మొదలగువారు, 1911లో వెలసిన ఆంధ్ర సాహిత్య పరిషత్తువారు గ్రాంథికమును నిలుపవలయునని ప్రతిఘటించిరి. 1914లో గురజాడవారు తమ అసమ్మతిపత్రమును వ్రాసిరి. 1919లో రాజమహేంద్రవరమున వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజమునకు వీరేశలింగము పంతులుగారు అధ్యక్షులైరి. యౌవనమున గ్రాంథికముననే వ్రాసిన వృద్ధుడు బిడ్డల మేలుకోరి ఆ పక్షమున నిలుచుట సామాన్యము కాదు.

నాకు తిక్కనగారి పద్యము ప్రాణము. ఈ వ్యాసము పాతపోకడ పోవుట నా చదువు ఫలము. ఐనను బిడ్డల వాచకమునకు ఇది కొలబద్ద కాదు. చెరకు నమలుటకు ముందు దంతములు రావలయును. దంతములు వచ్చుటకు ముందు పాలు త్రాగవలయును. ఊరిమాటలో ఉత్తరము వ్రాయగలిగిన బిడ్డయే పెరిగి భారతము చదువును. భారతముతో మొదలిడిన బిడ్డలలో పెక్కుమంది ఉత్తరము సైతము వ్రాయలేకపోయిరి.

దేశభాషయైనను ప్రజల భాష కావలయును

ఇంగ్లీషును తొలగించి దేశభాష నొకదానిని పెట్టినంత మాత్రమున చిక్కు తీరునా? దీనికి మన పొరుగున హైదరాబాదు సంస్థానమే సమాధానము. అచట 19వ శతాబ్దపు చివరిపాదమున కచేరి భాష పారసీనుండి ఉర్దూకు మారెను. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసి, శాస్త్రములు సైతము ఉర్దూలో బోధించెను. అందుకై ఒక అనువాదశాఖయే యేర్పడి గ్రంథములను తర్జుమా చేసెను. భారతదేశభాషలో ఉన్నతవిద్య సాధ్యమని లోకమునకు చూపిన ఘనత దానిది, దానిని కాదనరాదు.

కాని ఆ సంస్థానమున ఇంచుమించు సగము జనము తెలుగువారు. మరాఠీ, కన్నడ జనులు తక్కినవారిలో పెద్దభాగము. వారికి ఉర్దూయు నేర్చుకొనవలసిన భాషయే. 1921 నవంబరులో హైదరాబాదున జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటాడబోగా సభికులు గేలిచేసిరి. ఆ యవమానమునుండి ఆంధ్ర జనసంఘము పుట్టెను. అంతకు ముందే 1901లో అచట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయము వెలసెను. గ్రంథాలయమునకు భాషానిలయమని పేరు పెట్టుటలోనే వారి బాధ తెలియుచున్నది. బడిలోను కచేరిలోను చోటులేని భాషకు వారు పుస్తకముల నడుమ ఇల్లు కట్టిరి.

దూరదేశపు పోలిక

మనవలెనే పరపాలననుండి విడివడిన దేశములన్నిటికి ఈ ప్రశ్న యెదురైనది. 1953లో యునెస్కో సంస్థ ప్రకటించిన నిపుణుల నివేదిక, బిడ్డకు చదువు చెప్పుటకు మాతృభాషయే ఉత్తమసాధనమని తేల్చినది. చెప్పుట సులభము, జరపి చూపిన దేశము తూర్పు ఆఫ్రికాలోని టాంజానియా. నూటికి పైగా భాషలు గల ఆ దేశమున స్వాహిలీ భాష వర్తకముచేత అందరికిని కొంత తెలిసియుండెను. అధ్యక్షుడు జూలియస్ న్యెరెరే తాను ఉపాధ్యాయుడు. షేక్స్పియరు నాటకమును స్వాహిలీలోనికి అనువదించినవాడు. 1967లో ప్రాథమిక విద్య అంతయు స్వాహిలీలో జరుగునట్లు ఏర్పాటు చేసి, కచేరి పనులను సైతము ఆ భాషలోనికి మార్పించి, ఊరూర వయోజనులకు అక్షరములు నేర్పించెను. 1967లో పెద్దలలో మూడింట రెండువంతులు నిరక్షరులు. పదేండ్లలో మూడింట రెండువంతులకు పైగా అక్షరాస్యులైరని ఆ ప్రభుత్వపు లెక్క.

కాని ఒక మెట్టు మిగిలిపోయెను. హైస్కూలు చదువు ఇంగ్లీషులోనే సాగెను. ఏడేండ్లు స్వాహిలీలో చదివిన బిడ్డ ఒక్కసారిగా ఇంగ్లీషు పుస్తకములయెదుట నిలబడవలసి వచ్చెను. ఇంటిలో ఇంగ్లీషు వినగల కలవారి బిడ్డలు దాటిరి. తక్కినవారిలో పెక్కుమంది తడబడిరి. క్రింది మెట్లు ఒక భాషతోను పై మెట్లు వేరొక భాషతోను కట్టి, నడుమ నిచ్చెన వేయనిచో ఫలమిట్లే యుండును. మన దేశమునకిది మంచి పాఠము.

చట్టము వచ్చినది, వాక్యము రాలేదు

పొట్టి శ్రీరాములుగారి ఆత్మార్పణము పిమ్మట 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము, 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశము ఏర్పడెను. 1966లో అధికారభాషా చట్టము తెలుగును పాలనభాషగా ప్రకటించినది. 1968లో తెలుగు అకాడమి ఏర్పడి కళాశాలలకు తెలుగున పాఠ్యగ్రంథములు సిద్ధము చేయించెను. 1974లో అధికారభాషా సంఘము వెలసి వావిలాల గోపాలకృష్ణయ్యగారు దానికి తొలి అధ్యక్షులైరి. పేదల బిడ్డలు తెలుగున పట్టభద్రులై ఉపాధ్యాయులును గుమాస్తాలును అగుట ఈ ప్రయత్నముల ఫలమే. ఈ జమను తక్కువ చేసి వ్రాయరాదు.

అక్షరాస్యతయు పెరిగినది. దేశమున 1951లో నూటికి 18 మంది అక్షరాస్యులు. 2011 నాటికి 73 మంది. కాని అక్షరము వచ్చినవానికి సైతము తన బ్రతుకును శాసించు కాగితము చదువరాకున్నచో ఆ అక్షరము సగము పంటయే. మన వేరుశనగ రైతు చేతికి వచ్చు బీమా షరతులు, బ్యాంకు ఋణపత్రము, ఆసుపత్రి చీటి, ఉన్నత న్యాయస్థానపు తీర్పు ఇవన్నియు నేటికిని ఎక్కువగా ఇంగ్లీషున నుండునవే. వ్రేలిముద్ర వేసిన తాతకును, చక్కగా తెలుగున సంతకము చేయు మనుమనికిని ఆ కాగితము ముందు భేదమేమి? ఇద్దరును చదువక సంతకము చేయువారే. 2023 జూన్‌లో తెలంగాణ ఉన్నత న్యాయస్థానము ఒక ఆస్తి తగాదాలో తెలుగున తీర్పు వెలువరించినపుడు పత్రికలన్నియు దానిని వింతగా ప్రకటించెను. తెలుగువాని తగాదా తెలుగున తీరుట వార్త అగుటయే మన స్థితికి కొలత.

ఇట్టిచోట 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము సర్కారు ప్రాథమిక బడులన్నిటను ఇంగ్లీషు మాధ్యమము పెట్ట నిశ్చయించినది. 2020 ఏప్రిల్‌లో ఉన్నత న్యాయస్థానము ఆ యుత్తర్వులను కొట్టివేసినది. తల్లిదండ్రులలో అత్యధికులు ఇంగ్లీషునే కోరిరని ప్రభుత్వము ప్రకటించినది. 2020 జూలైలో కేంద్రప్రభుత్వపు విద్యావిధానము, వీలైనంతవరకు అయిదవ తరగతి దాక మాతృభాషలోనే బోధ జరుగవలయునని చెప్పినది. ఎవరి పక్షము వారిది. నేను తల్లిదండ్రులను నిందింపను. కలవాడు తన బిడ్డను ఇంగ్లీషు బడికి పంపి, పొరుగు కూలివాని బిడ్డకు మాతృభాషా మహిమను బోధించుట న్యాయము కాదు. ఆ కూలివాడు హార్డింజి తీర్మానము పేరు వినకపోవచ్చును. దాని ఫలము మాత్రము వాని కంటియెదుట నున్నది. అట్లని, ఇంటను వీధిని ఇంగ్లీషు వినని బిడ్డకు ఆరవయేట గణితమును ఇంగ్లీషున చెప్పినచో, క్యాంబెల్ చూచిన చిలుకయే తిరిగి వచ్చును. నాడు అర్థము తెలియని పద్యము. నేడు అర్థము తెలియని పాఠము. చిలుక మారలేదు, పలుకు మారినది.

తెలుగే పరభాషయగు బిడ్డలు

మనలను మనమే అడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు. మన జిల్లా తండాలలో సుగాలీ బిడ్డ ఇంట లంబాడీ మాటాడును. మడకశిర, రాయదుర్గము వైపున కన్నడపు ఇండ్లు పెక్కులు. ఈ బిడ్డలకు తెలుగు బడియే పరభాషా బడి. ఇంగ్లీషువలన మనకెట్టి కష్టమో, మనవలన వారికట్టి కష్టము. ప్రాథమిక దశలో ఇట్టివారికి మాతృభాషలో బోధించు సదుపాయము చేయవలయునని 1956లో రాజ్యాంగమున ఒక అధికరణమే చేర్చబడినది. గిడుగువారు అంతకు ఎంతోముందే మార్గము చూపిరి. తెలుగునకై పోరాడిన ఆ మహనీయుడే సవరల భాషను వారివద్ద కూర్చుండి నేర్చుకొని, దానికి వాచకములు వ్రాసి, తన ఖర్చుతో బడులు పెట్టించి, 1931లో వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించెను. తన భాషకు కోరిన గౌరవమును ఎదుటివాని భాషకు తానే యిచ్చినవాడు గనుక ఆయన మాటకు విలువ. 2004 ప్రాంతమున ఉమ్మడి రాష్ట్రమున లంబాడీతో కూడ ఎనిమిది గిరిజన భాషలలో వాచకములు సిద్ధమైనవి. ఆ పని తండా తండాకు చేరవలయును.

మన గ్రంథాలయము చేయదగినది

ఈ పద్దులన్నియు కూడగా తేలినది మూడు మాటలు. బిడ్డకు మొదటి చదువు ఇంటిభాషలో గట్టిగా జరుగవలయును. ఇంగ్లీషును ఒక భాషగా, మంచి ఉపాధ్యాయునిచేత, ప్రతి పేదబిడ్డకును నేర్పవలయును. అది కలవారి సొత్తుగా నుండరాదు. పౌరుని హక్కునకు సంబంధించిన ప్రతి కాగితము వానికి తెలిసిన వాక్యమున ఉండవలయును. ఈ మూడవది జరుగనంతవరకు మొదటిది నిలువదు.

ఇవి ప్రభుత్వములు చేయవలసిన పనులని చేతులు ముడుచుకొన నక్కరలేదు. 1914 ఏప్రిల్‌లో బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి అధ్యక్షతను గ్రంథాలయ ప్రతినిధులు కూడినపుడు ప్రభుత్వము వారిని పిలువలేదు. 1935లో పాతూరి నాగభూషణముగారు కాలువలమీద పడవలో పుస్తకములు తిప్పినపుడు ఎవరును ఆజ్ఞాపింపలేదు. చదువు రానివారికి పత్రికలు చదివి వినిపించుట నాటి గ్రంథాలయముల నిత్యకృత్యము. ఆ పనిని నేటి కాలమునకు తగినట్లు మనము తిరిగి మొదలిడవచ్చును.

కార్యవర్గమువారికి నా మనవి ఇది. ప్రతి ఆదివారము సాయంకాలము రెండుగంటలు గ్రంథాలయమున ఒక బల్ల కేటాయింపుడు. చదువుకొన్న యువకులిద్దరు అచట కూర్చుండి, ఎవరు ఏ కాగితము తెచ్చినను, ఋణపత్రమైనను బీమా పత్రమైనను కోర్టు నోటీసైనను, తెలుగున చదివి అర్థము చెప్పవలయును. రుసుము లేదు. తెచ్చినవాని గుట్టు బయటపెట్టరాదు. మాటిమాటికి వచ్చు పత్రములకు తెలుగు తర్జుమా వ్రాసి ఒక బీరువాలో నుంచవలయును. ఆ బల్లవద్దనే ఏడు, ఎనిమిది తరగతుల బిడ్డలకు ఇంగ్లీషు పుస్తకములు చదువుట నేర్పవలయును. తండా బిడ్డలు వచ్చినచో వారి కథలను వారి మాటలోనే చెప్పించి వ్రాసి దాచవలయును. నాకు చేతనైనంతవరకు ఆ బల్లకడ కూర్చుండి లెక్కల కాగితములు నేను చూచెదను.

ఇరువదియైదేండ్లలో మన గ్రంథాలయము చదువరులకు పుస్తకములిచ్చినది. ఇక మీదట చదువక సంతకము చేయువాడు మన యూర ఒక్కడును లేకుండునట్లు చూచుట దాని పని కావలయును. భాషాశిస్తును ఏ శాసనసభ వజా చేయునో నే నెరుగను. మన యూరివరకు దానిని రద్దుచేయుట మాత్రము మన చేతిలోనే యున్నది.